కారుకి నాలుగు బిళ్లలు

వంటింటి బల్ల దగ్గర,
మార్చి మొదటి వారం

మా ఆడపడుచు మహారాణికి,

ఫోన్ ఉండగా ఉత్తరం రాస్తోందేమిటి, ఈ వదినకి మతి గానీ పోయిందా అనుకుంటున్నావు కదూ. మతి పోయింది నాకు కాదు, మీ అన్నయ్యకి. ఆ సంగతి ఫోన్లో చెప్పే వీలు లేదు. ముందు గది క్లినిక్కు, వెనక గది వంటిల్లు, మధ్యలో ఒక చెక్క తలుపు. అక్కడ పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి, ఇక్కడ నా మాటల్లో చెవి పెట్టడం ఆయనకి మొదటి నుంచీ ఉన్న విద్యే. కాగితానికి చప్పుడుండదు. నువ్వు కూడా జవాబు ఇంటికి కాకుండా మా కుట్టు సెంటర్ అడ్రసుకి రాయి.

మన కారు నీకు తెలుసుగా. ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడిలా చేతులు కట్టుకుని ఒద్దికగా నిలబడేది. ఎదురింట్లోకి ఈ మధ్య ఒక కండల వీరుడు దిగాడు. వాడి కారు చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అది చూసిన రోజు నుంచీ మీ అన్నయ్య మన కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. "దీనికి దవడ లోపలికి పోయినట్టు లేదూ?" అని అడిగారు. కారుకి దవడేమిటండీ, చేసినవాళ్లు ఎక్కడ పెట్టారో చక్రాలు అక్కడే ఉన్నాయి కదా అన్నాను. వినలేదు. ఆ వారమే టైర్ల షాపు మేస్త్రీ పన్ను నొప్పితో వచ్చాడు. మీ అన్నయ్య అతనికి మత్తు సూది వేసి, మూతి మొద్దుబారాక ఈ ప్రస్తావన తెచ్చారు. కాదనడానికి అతనికి నోరు తిరిగితే కదా.

అలా మన కారుకి నాలుగు బిళ్లలు పడ్డాయి. స్పేసర్లు అంటారట. చక్రానికీ, చక్రం బిగించే చోటుకీ మధ్యలో పెట్టే మందపాటి అల్యూమినియం బిళ్లలు. వాటి వల్ల చక్రం బయటికి జరుగుతుంది. ఇంకేమవుతుంది అని అడిగాను. బయటికి జరుగుతుంది అని మళ్లీ చెప్పారు. వేగం పెరగదు, పెట్రోలు మిగలదు, సీటు మెత్తబడదు. రోజంతా ఊళ్లో వాళ్ల పళ్ల సందులు పూడ్చే మనిషి, డబ్బిచ్చి మరీ సొంత కారుకి సందులు పెట్టించుకుని వచ్చారు.

ఇప్పుడు మన కారు తగువు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషిలా కాళ్లు ఎడం చేసి నిలబడుతోంది. పొద్దున్నే మేడ మీదికి వెళ్లి పైనుంచి చూస్తారు. కిందికి దిగి పక్క నుంచి చూస్తారు. టైర్లు బయటికి వచ్చాయి కాబట్టి బురదంతా తలుపుల మీదే పడుతోంది. అది కడిగేదెవరో నీకు చెప్పనక్కర్లేదు.

నవ్వుకో. ఆయనకి మాత్రం తెలియనివ్వకు.

నీ వదిన

*

ఆఫీసు మూడో అంతస్తు, కిటికీ పక్క,
మార్చి చివర

నోటి దురుసు వదినకి,

నీ ఉత్తరం భోజనాల వేళ విప్పాను. నవ్వితే పొలమారింది, పక్క సీటు ఆవిడ వీపు చరిచింది. తర్వాత ఇంకోసారి చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

వదినా, నేను పని చేసేది ఇన్సూరెన్సు కంపెనీలో, అందులోనూ క్లెయిములు పరిశీలించే చోట అన్న సంగతి మీ ఇద్దరికీ గుర్తుందా? ఆ కారు పాలసీ నేనే దగ్గరుండి చేయించాను. బండికి మార్పులేమైనా చేశారా అని అడిగినప్పుడు, లేవని అన్నయ్య తరఫున నేనే చెప్పాను. అప్పటికి లేవు కాబట్టి. ఇప్పుడున్నాయి. కొన్నప్పటికంటే బండిని ఏం మార్చినా కంపెనీకి చెప్పి తీరాలి. చెబితే మావాళ్లేమీ మింగేయరు. ఒక ఇంజనీరు వచ్చి చూస్తాడు. పని సవ్యంగా ఉంటే ప్రీమియం కాస్త పెంచి రాసుకుంటారు, లేకపోతే తీసేయమంటారు. చెప్పకుండా దాచి, రేపు దాని వల్లే ఏదైనా జరిగితే మాత్రం మన బండికి ఏమీ రాదు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ వాళ్లకిచ్చేసి, ఆ మొత్తం అన్నయ్య దగ్గర రాబట్టుకోవచ్చని పాలసీలోనే ఉంది.

ఇంకొకటి అడుగు. బోల్టులు మార్చారా? మధ్యలో బిళ్ల పెడితే ఆ మేరకి బోల్టు పొడుగుండాలి. పాత బోల్టుల మీదే బిళ్ల తొడిగితే నట్టుకి పట్టు చాలదు. నీ భాషలో చెప్పాలంటే, దుప్పటంత మందం గుడ్డకి చొక్కా గుండీ కుట్టినట్టు.

అన్నయ్యది ఇవాళ్టి జబ్బు కాదులే. చిన్నప్పుడు సైకిల్ సీటు ఎంత పైకి లేపాడంటే, కాళ్లు నేలకి అందక, ఆగాలంటే గోడ వెతుక్కునేవాడు. ఒకసారి గోడ దొరక్క వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. కంపెనీకైనా చెప్పమను, లేదా తీయించెయ్యమను.

నీ ఆడపడుచు

*

కుట్టు సెంటర్, మధ్యాహ్నం,
ఏప్రిల్ రెండో వారం

అమ్మా ఇన్సూరెన్సు తల్లీ,

చెప్పాను. నువ్వు రాసిందంతా నా సొంత తెలివే అన్నట్టు చెప్పాను. మీ అన్నయ్య నా వైపు చూసిన చూపు ఎలా ఉందంటే, నువ్వే చెప్పావని ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. "వాళ్లేమైనా టేపు పట్టుకొచ్చి నా చక్రాలు కొలుస్తారా?" అన్నారు. చెబితే ప్రీమియం పెంచుతారట, పెంచడానికి సాకు కోసమే కాచుకుని కూర్చుంటారట. చెల్లెలు ఉద్యోగం చేసే కంపెనీని అంత మాట అనకండి అంటే, చెల్లెల్ని అనలేదు, కంపెనీని అన్నాను అన్నారు.

బోల్టుల సంగతి అడిగాను. అవన్నీ మేస్త్రీ చూసుకున్నాడన్నారు. మేస్త్రీని నేను కూరల మార్కెట్లో పట్టుకుని అడిగాను. బోల్టులు పాతవేనట. కొత్తవి తెప్పించడానికి ఆలస్యమవుతుందంటే, అందాకా వీటితోనే కానివ్వమన్నారట డాక్టరుగారు. నాలుగు రోజులు తిప్పాక ఓసారి తీసుకురండి, మళ్లీ బిగిస్తాను అని అతను చెప్పాడట కూడా. మీ అన్నయ్య వెళ్లలేదు. వెళ్లమంటే, ఈ నెలాఖరుకి ఆయన కాలేజీ స్నేహితులంతా ఒక హోటల్లో కలుస్తున్నారు కదా, అది కాగానే బిళ్లలే తీయించేస్తానన్నారు. అంటే ఆ స్నేహితుల ముందు ఈ కారు దిగాలి, అంతవరకూ మనం ప్రాణాలు బిగపట్టాలి.

ఈ మధ్య నా వైపు ముందు చక్రం దగ్గర కటకటమని ఒక శబ్దం వస్తోంది. వినబడుతోందా అని అడిగితే రేడియో పెంచారు.

నీ దగ్గర దాపరికం దేనికి? ఆ కారులో వెళ్తుంటే జనం తలతిప్పి చూస్తారు. నేనూ ఒకటి రెండుసార్లు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టి కూర్చున్నాను. బాగానే ఉంటుంది. అందుకే గట్టిగా పోట్లాడలేదేమో.

నీ వదిన

*

ఆఫీసు,
ఏప్రిల్ నెలాఖరు

వదినా,

నాలుగే ముక్కలు. రేడియో ఆపు. ఆ శబ్దం నట్టు వదులైనప్పుడు వచ్చే శబ్దం. స్నేహితుల దగ్గరికి బస్సులో వెళ్లండి. అన్నయ్య మూతి ముడిస్తే ముడవనీ, మూతులు సరిచేసుకోవడం ఆయన వృత్తే.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి వరండా బెంచీ,
మే మొదట్లో

అమ్మడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. చక్రం మొన్ననే ఊడింది.

ముందే చెబుతున్నాను, మేమిద్దరం బాగానే ఉన్నాం. హోటల్ దగ్గర మీ అన్నయ్యకి దక్కాల్సిన మెప్పు దక్కింది. ఒకాయన బానెట్ మీద తట్టి, ఈ వయసులో ఈ సరదా ఏమిటోయ్ అన్నాడు. అది కూడా మెప్పుగానే తీసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్ వీధిలో జనం ఉంటే నెమ్మదిగా నడుపుతున్నారు. కటకట ఉన్నట్టుండి ఆగిపోయింది. "చూశావా, దానంతట అదే సర్దుకుంది" అన్నారు. అంతలో మా ఎడమ పక్క నుంచి ఒక చక్రం మమ్మల్ని దాటి ముందుకి వెళ్లింది. "ఎవరిదో చక్రం ఊడింది, పాపం" అన్నారు మీ అన్నయ్య. ఆ పాపం అన్న మాట నోట్లో ఉండగానే కారు నా వైపుకి కుంగి రోడ్డు మీద గీసుకుంటూ ఆగింది.

ఇంతవరకూ నవ్వుకునే కథే. ఆ చక్రం అక్కడ పడిపోయి ఉంటే నేనూ నవ్వుతూనే రాసేదాన్ని. అది ఇంటి దారి తెలిసినదానిలా పేవ్‌మెంట్ ఎక్కి, గడియారాలు బాగుచేసే ఆవిడ బడ్డీలోకి దూసుకుపోయింది. చెక్క బడ్డీ, ముందు అద్దం. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. కుడి మణికట్టు విరిగింది.

నేను వెళ్లేసరికి రోడ్డంతా గడియారాలు. కొన్ని ఇంకా ఆడుతున్నాయి. నేను నా సంచిలోకి ఏరుతుంటే ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "ఆ గోడ గడియారం తలకిందులుగా పడింది, ముందు దాన్ని తిప్పి పెట్టండి" అంది. మీ అన్నయ్య రోడ్డు మధ్యలో నిలబడిపోయారు.

పిండికట్టు వేశారు. రెండు మూడు నెలలు ఆ చేత్తో పని కుదరదన్నారు. ఒంటరి మనిషి. ఆ చెయ్యే ఆవిడ దుకాణం. కంపెనీకి మీ అన్నయ్య కబురు పెట్టారు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, కాస్త చూడమ్మా.

నీ వదిన

*

ఆఫీసు,
మే రెండో వారం

వదినకి,

క్లెయిము మా శాఖకే వచ్చింది. ఇది మా అన్నయ్య బండి అని నేనే మా ఆఫీసరుకి చెప్పి పక్కకి తప్పుకున్నాను. వేరేవాళ్లు చూస్తున్నారు. నష్టం అంచనా కట్టే సర్వేయరు వచ్చి కారునీ బడ్డీనీ చూస్తాడు.

నాకేం తెలుసో నీకు తెలుసు. నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పను. అందుకే ఈ విషయం గురించి ఇక నాకు రాయకు. కాస్త చూడు అని మాత్రం అసలు రాయకు.

ఆవిడ చెయ్యి ఎలా ఉందో ఒక్కటి రాయి.

*

కుట్టు సెంటర్,
మే చివర

ఆఫీసరుగారికి,

చెయ్యి అలాగే ఉంది. అడిగినందుకు సంతోషం.

చాలా గొప్ప ఆడపడుచువి అనిపించుకున్నావు. అవసరం లేనప్పుడు బోల్టులనీ గుండీలనీ పేజీలకి పేజీలు, అవసరం వచ్చేసరికి రాయకు అని ఒక్క ముక్క. రాయకు అన్నావు కాబట్టే రాస్తున్నాను. చదవకపోతే చించి పారెయ్యి.

సర్వేయరు వచ్చే ముందు రోజు మీ అన్నయ్య మేస్త్రీని ఇంటికి పిలిపించి మిగిలిన మూడు చక్రాల బిళ్లలూ ఊడదీయించారు. నాలుగోది ముందే రోడ్డు మీద పోయింది. ఇప్పుడు మన కారు మూడు కాళ్లతో, పుట్టు బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది. రోడ్డు మీద గుంట ఉందనీ, ఆ కుదుపుకే చక్రం ఊడిందనీ, బడ్డీ పేవ్‌మెంట్ దాటి రోడ్డు మీదికి ఉందనీ కంపెనీకి రాసిచ్చారు. అక్కడ గుంట లేదు. బడ్డీ ఎక్కడుండాలో అక్కడే ఉంది. నేను నా కళ్లతో చూశాను.

ఆ రాత సంగతి ఎవరి చెవిన పడిందో, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి విచారణ తేలేదాకా బడ్డీ తెరవొద్దని ఆవిడకి చెప్పిపోయారు. అప్పటిదాకా ఆవిడ ఎడం చేత్తోనైనా గడియారం పట్టీలు అమ్ముకునేది. అదీ పోయింది. నేను రోజూ క్యారియర్ తీసుకెళ్తున్నాను. మొన్న క్యారియర్ మూత తీస్తూ, "మీవారు మొన్న వచ్చి పలకరించారు. మంచి పలువరస" అంది. ఆ అన్నం నా ముందు తింటుంటే నేను తలెత్తలేదు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యని అడిగాను, ఆవిడ ఏం చేసిందండీ మనల్ని అని. క్లినిక్ అప్పు ఇంకా ఉంది, కారుకీ రాక, ఆవిడకీ మనమే ఇచ్చుకోవాల్సి వస్తే ఏం తింటాం అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. భయపడ్డారు. భయపడ్డ మనిషి ఎంత గట్టిగా అబద్ధమాడతాడో ఇప్పుడు చూస్తున్నాను.

నీకు నీ ఉద్యోగం, ఆయనకి ఆయన అప్పు, ఆవిడకి ఆవిడ చెయ్యి. మధ్యలో నేనెవరిని? నాలుగు చక్రాలకీ చాలక ఐదో బిళ్లనా?

వదిన

*

ఇంట్లో,
జూన్ మొదటి వారం

వదినా,

చించలేదు. ఆఫీసరుగారు అన్న మాట కూడా కడుపు నిండా తిన్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. నేను తప్పుకున్న రోజే మా ఆఫీసరు అడిగాడు, ఆ బండి గురించి మీకేమైనా తెలుసా అని. తెలుసు, కానీ నేను కళ్లతో చూసింది కాదు, మా వదిన చెప్పింది, ప్రమాదం జరిగినప్పుడు ఆవిడే కారులో ఉంది, అడగాలంటే ఆవిణ్ణి అడగండి అన్నాను. నీ పేరు చెప్పేశాను. సర్వేయరు కారు చూసి వెళ్లాడు కదా, మళ్లీ వస్తాడు. ఈసారి వచ్చేది నీ కోసం. పిల్లి మెడలో గంట నేను కట్టలేక నీ చేతిలో పెట్టాను. నెల రోజులుగా ఆ మాట రాయలేక, రాయకు రాయకు అని నీ మీద అరిచాను.

అన్నయ్య ఫోన్ చేశాడు. నేను తప్పుకోవడమే ఆయనకి పెద్ద దెబ్బలా తగిలింది. నాకు చెల్లెలు లేదనుకుంటాను అన్నాడు. నేను సరే అన్నాను. పెట్టేశాక చాలాసేపు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను.

రోజూ నా బల్ల ముందుకి అబద్ధాలు వస్తాయి వదినా. దొంగిలించిన బండి వాళ్ల షెడ్డులోనే ఉంటుంది, కాలిపోయిన టీవీ గోడ మీద ఆడుతూ ఉంటుంది. వాటిని పట్టుకున్నందుకే నాకు జీతం ఇస్తారు. ఒక్కోసారి సంతోషంగా కూడా ఉంటుంది. వాళ్లింట్లో కూడా ఒక వదిన క్యారియర్ పట్టుకుని తిరుగుతూ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

నువ్వేం చెప్పాలో నేను చెప్పను. ఆయన మొగుడు నీకు. నువ్వు గుంట ఉందన్నా నేను నిన్ను వదినా అనే పిలుస్తాను. తిట్టుకోవాలనుంటే తిట్టుకో, తిట్టి రాయి.

నీ ఆడపడుచు

*

వంటింటి బల్ల దగ్గర,
జూన్ చివర

అమ్మడూ,

తిట్టాను. ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. చాలా బాగా కుదిరింది, నువ్వు చదవలేకపోయావు.

సర్వేయరు పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి, చెప్పులు బయట విప్పి మరీ వచ్చాడు. మీ అన్నయ్య లోపల ఒక పెద్దాయనకి పన్ను అరగదీస్తున్నారు. ఇతను వరండాలో పేషెంట్ల బెంచీ మీద కూర్చున్నాడు, నేను ఎదురుగా స్టూలు మీద. మిషను రొద వినిపిస్తూనే ఉంది. గుంట ఎంత లోతుందండీ అని అడిగాడు. అక్కడ గుంట లేదు అన్నాను. మిషను ఆగిపోయింది.

క్లినిక్ తలుపు అవతల ఆయన చెవి పెట్టి నిలబడ్డారని నాకు తెలుసు. నేను మొదలుపెట్టింది ఆపలేదు. నాలుగు చక్రాలకీ బిళ్లలు ఉండేవనీ, బోల్టులు మార్చలేదనీ, మళ్లీ బిగించడానికి వెళ్లలేదనీ, శబ్దం వస్తే రేడియో పెంచామనీ చెప్పాను. పెంచాం అనే అన్నాను. నేనూ అందులోనే కూర్చున్నాను కదా. బడ్డీ రోడ్డు మీద లేదని కూడా చెప్పాను.

తలుపు తీసుకుని మీ అన్నయ్య వచ్చారు. చేతులకి తొడుగులు, మెడలో మాస్కు. "ఆవిడకి కార్ల సంగతి తెలియదు" అన్నారు సర్వేయరుతో.

నేను లేచి నిలబడ్డాను. "ఏవండీ, రెండో సిట్టింగుకి రాని పేషెంటుకి మీరేం చెబుతారు?"

లోపల కుర్చీలో నోటినిండా దూదితో పడుకున్న పెద్దాయన అందుకుని, "ఊవుతుంవి అంవారు" అన్నాడు. ఊడుతుంది అంటారు అని. పాపం, రెండో సిట్టింగుకి వచ్చిన మనిషే.

మీ అన్నయ్య తొడుగులు తీసేశారు. ఒక్కో వేలూ విడిపించుకుంటూ తీశారు. తీసి, సర్వేయరు పక్కన, ఆ పేషెంట్ల బెంచీ మీదే కూర్చున్నారు. "బిళ్లలు నేనే పెట్టించాను, నేనే తీయించాను. గుంట లేదు. ఆవిడ బడ్డీ వెయ్యాల్సిన చోటే వేసుకుంది. అలాగే రాసుకోండి" అన్నారు. ఆ తర్వాత లోపలికి వెళ్లి ఆ పెద్దాయన పన్ను పూర్తి చేశారు. ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు.

నాతో మాటల్లేవు. క్లినిక్‌లో ఆ పళ్ల కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకుంటున్నారు. మీద లైటు కూడా ఉంది, చదువుకోవచ్చు. రెండు రోజులు చూసి దుప్పటి పంపాను. తీసుకున్నారు.

నీ వదిన

*

కుట్టు సెంటర్,
ఆగస్టు

అమ్మడూ,

మీ కంపెనీ ఉత్తరం వచ్చింది. నీకు ముందే తెలిసి ఉంటుంది, నువ్వు చెప్పవు, అది నీ పద్ధతి. కారుకి ఏమీ ఇవ్వరు. ఆవిడ వైద్యానికీ, పోయిన పనికీ, బడ్డీకీ కంపెనీ ఇస్తుంది. దాన్ని మా దగ్గర వాయిదాల్లో పట్టుకుంటుంది. క్లినిక్‌కి కొనాలనుకున్న కొత్త మిషను ఇప్పట్లో లేదు, నేను సాయంత్రం బ్యాచ్ ఒకటి ఎక్కువ పెట్టుకున్నాను. అన్నం తింటున్నాం. మునిసిపాలిటీ వాళ్లు కూడా బడ్డీ తెరుచుకోమన్నారు.

చెప్పాల్సింది అది కాదు. ఒక రోజు పొద్దున్నే మీ అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లారు. ఎక్కడికని నేను అడగలేదు, అప్పటికింకా మాటల్లేవు కదా. మార్కెట్‌కి వెళ్లినట్టు వెనకే వెళ్లాను. బడ్డీ ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నారు. ఆవిడ పిండికట్టు చెయ్యి బల్ల మీద పెట్టుకుని, ఎడం చేత్తో ఒక గడియారం వెనక మూత తీయాలని అవస్థ పడుతోంది. ముందు ముగ్గురు నలుగురు వాళ్ల గడియారాల కోసం నిలబడి ఉన్నారు. మీ అన్నయ్య తప్పయిపోయింది, అది, ఇది అని మొదలుపెట్టారు. ఆవిడ తలెత్తకుండా, "ఆ మాటలు తర్వాత చెబుదురు గానీ, చేతులు ఖాళీగా ఉంటే ఇటొచ్చి కూర్చోండి" అంది.

కూర్చున్నారు. ఆవిడ చెబుతుంటే ఈయన చేశారు. అప్పటి నుంచీ రోజూ క్లినిక్ తెరిచేలోగా అక్కడే. సెల్లులు మార్చడం, పిన్నులు వెయ్యడం, ఈ మధ్య లోపలి చక్రాలు కూడా తుడుస్తున్నారు. చెయ్యి స్థిరంగా ఉందని ఆవిడ మెచ్చుకుంటుంది, వెంటనే "పన్ను పీకినట్టు పీకకండి, అది మళ్లీ అక్కడే పెట్టాలి" అని కసురుతుంది. వచ్చిన డబ్బు ఆవిడ డబ్బాలోకే. ఆవిడకి నచ్చనిదల్లా ఒకటే, గడియారం ఇచ్చేటప్పుడు ఈయన అలవాటు కొద్దీ రెండు గంటలు ఏమీ తినకండి అంటున్నారట.

పళ్ల కుర్చీ మీంచి మంచం మీదికి వచ్చేశారు. మాట్లాడుతున్నారు. నీ మాట మాత్రం ఎత్తరు. నేనూ ఎత్తను. మాట్లాడండి అని నేనంటే మానేస్తారు, మీ అన్నయ్య కదా. నువ్వే ఎప్పుడైనా రా.

నీ వదిన

*

తిరుగు బస్సులో, కుదుపుల మధ్య,
సెప్టెంబర్

వదినమ్మకి,

రాత వంకర్లు పోతే బస్సుని తిట్టు. ఇవాళ మీ ఊరొచ్చాను. ఇంటికి రాలేదు, కోపం తెచ్చుకోకు. అక్కడ మా బ్రాంచిలో పొద్దున్న పని పడింది. పదకొండింటికల్లా తిరుగు బస్సు పట్టుకోవాలి. చేతిలో ఉన్న కాస్త టైములో ఏదో ఒక చోటికే వెళ్లగలను. మార్కెట్ వీధికి వెళ్లాను.

దూరం నుంచే కనిపించాడు. ఆ చిన్న బడ్డీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, కంటికి ఆ భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. పక్కన ఆవిడ, కట్టు విప్పేశారు కదా, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది. నీకు తెలుసా, జుట్టు బాగా నెరిసింది అన్నయ్యకి. ఈ నాలుగైదు నెలల్లోనే నెరిసిందో, నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదో.

ఏం మాట్లాడాలో బస్సెక్కినప్పటి నుంచీ కూడబలుక్కున్నాను. అక్కడ నిలబడేసరికి ఒక్కటీ రాలేదు. నా చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాను. బాగానే ఆడుతున్న గడియారమే. అన్నయ్య ముందు గడియారాన్ని చూశాడు, తర్వాత నా చేతిని, ఆ తర్వాత తలెత్తాడు. అద్దం వెనక ఒక కన్ను గుమ్మడికాయంత ఉంది, రెండోది మామూలుగా ఉంది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ పెద్ద కంట్లో నీళ్లు తిరగడం చిన్న కంట్లో కంటే ముందు కనబడింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు.

"ఏమీ కాలేదు" అన్నాను.

గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఈసారి నిజంగానే విన్నాడు వదినా, చాలాసేపు. తర్వాత దాన్ని తన ముందున్న రెండు గడియారాల వెనకాల పెట్టి, స్టూలు నా వైపు జరిపాడు. "కూర్చో. నీకంటే ముందు ఇద్దరున్నారు" అన్నాడు.

గడియారాల ఆవిడ మా ఇద్దరి ముక్కుల్నీ మార్చి మార్చి చూసి, చెల్లెలా అని అడిగింది.

"చెల్లెలే. అయినా వరుస వరుసే" అన్నాడు అన్నయ్య.

నేను కూర్చున్నాను. పదకొండింటి బస్సు వెళ్లిపోయింది. ఇది ఆ తర్వాతది.

నీ ఆడపడుచు